జ్ఞాపకమున్న లోహానికీ ఇనుప కమ్మికీ పొత్తు



ఈనాటి ప్రసంగం ఒక అతుకు గురించి. రెండు ఇనుప కమ్మీలను అతకడం మన మేస్త్రులకు తెలియని పని కాదు. అయితే ఆ రెంటిలో ఒకటి మామూలు ఇనుము, రెండోది ఎంత లాగినా మళ్ళీ తన పొడవుకు తానే వచ్చే లోహం అనుకోండి. అప్పుడు వాటిని కలపడం ఎలా? భూకంపాలను తట్టుకునే కట్టడాలు కట్టాలనుకునే ఇంజనీర్లు కొన్నేళ్ళుగా తల పట్టుకున్న ప్రశ్న ఇది.

మనం కమ్మి అంటాం. కొందరు చువ్వ అంటారు, కొందరు ఊచ అంటారు. కన్నడంలోనూ తమిళంలోనూ కంబి అంటే సరిపోతుంది. పేరు ఏదైనా, పిల్లరులో అది చేసే పని ఒకటే. కాంక్రీటు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోలేదు. ఆ లాగుడును మోసేది కమ్మి. భూమి కదిలినప్పుడు పిల్లరు ఒక పక్కకు వంగుతుంది. అప్పుడు ఒక వైపు కాంక్రీటు నలుగుతుంది, రెండో వైపు కమ్మీలు సాగుతాయి. మరుక్షణం భూమి అటువైపు లాగితే ఇవి అటుదిటు అవుతాయి.

కమ్మి సాగడం మంచిదే. సాగకుండా పుటుక్కున తెగితే ఇల్లు ఒక్కసారిగా కూలుతుంది. అందుకే సాగే గుణమున్న ఉక్కునే ఇళ్ళకు వాడతాం. కానీ ఇక్కడొక చిక్కుంది. ఉక్కు కమ్మి మీటరు పొడవుకు సుమారు 2 మిల్లీమీటర్లు సాగేవరకు మాత్రమే మళ్ళీ వెనక్కి వస్తుంది. అది దాటితే సాగింది సాగినట్టే ఉండిపోతుంది. ఇంట్లో బైండింగు వైరు ముక్క ఉంటే వంచి చూడండి. కొద్దిగా వంచి వదిలితే తిన్నగా అవుతుంది. బాగా వంచితే వంకర అలాగే నిలిచిపోతుంది. పిల్లరులోని కమ్మీ అంతే. భూకంపం ఆగిపోతుంది, ఇల్లు నిలబడే ఉంటుంది, కానీ పిల్లరు మాత్రం ఒరిగి ఉంటుంది.

ఒరిగిన పిల్లరుతో ఏం చేయగలం? జపాన్‌లో కోబె నగరం 1995 జనవరి 17న భూకంపానికి గురైంది. అక్కడ కూలిపోకుండా నిలిచినా, నిట్టనిలువు తప్పి ఒరిగిపోయినందువల్ల వందకు పైగా కాంక్రీటు వంతెన స్తంభాలను తరవాత పడగొట్టవలసి వచ్చింది. ప్రాణాలు దక్కాయి, కానీ కట్టడం దక్కలేదు. ఒక సర్కారు వంతెన విషయంలో అది డబ్బు నష్టం. జీవితమంతా కూడబెట్టి రెండంతస్తుల ఇల్లు కట్టుకున్న కుటుంబానికి అదే జరిగితే, ఎదురుగా ఇల్లుండి కూడా అందులో కాలు పెట్టలేని పరిస్థితి.

ఈ ఇబ్బందికి మందు కాగలదని శాస్త్రజ్ఞులు ఆశ పెట్టుకున్నదే జ్ఞాపకమున్న లోహం. పుస్తకాల్లో దీన్ని ఆకారస్మృతి మిశ్రలోహం అని రాస్తారు. వీటిలో పేరు పొందినది నికెల్, టైటానియం లోహాల మిశ్రమం. దాని పేరు నిటినాల్. అమెరికాలోని మేరీల్యాండు రాష్ట్రంలో నౌకాదళ ఆయుధ పరిశోధనశాలలో విలియం బ్యూలర్ అనే లోహశాస్త్రజ్ఞుడు 1959 ప్రాంతంలో దీని మీద పని మొదలుపెట్టాడు. నికెల్, టైటానియం పేర్ల మొదటి అక్షరాలకు ఆ పరిశోధనశాల పేరులోని మొదటి అక్షరాలు చేర్చితే నిటినాల్ అయింది. 1961లో జరిగిన ఒక సమావేశంలో, మడతలు మడతలుగా వంచిన ఈ లోహపు పట్టీ చేతులు మారుతుండగా, అక్కడున్న ఒకాయన లైటరుతో దాన్ని వేడి చేశాడు. పట్టీ మడతలన్నీ విప్పుకొని తిన్నగా చాచుకుంది. అందరూ నిర్ఘాంతపోయారు.

లోహానికి జ్ఞాపకమేమిటని మీకు సందేహం రావచ్చు. బడిలో ప్రార్థనకు వరసల్లో నిలబడిన పిల్లలను ఊహించుకోండి. వెనకనుంచి ఎవరో తోశారు. కొందరు పిల్లలు పక్కవాడి చోటులోకి జరిగిపోయారు. తోపు ఆగినా వాళ్ళు పాత చోటుకు రారు, ఎందుకంటే ఇప్పుడు పక్కనున్నవాడు వేరు. మామూలు ఉక్కులో అణువుల వరసలు ఇలాగే ఒకదాని మీద ఒకటి జారి కొత్త చోట స్థిరపడతాయి. నిటినాల్‌లో అలా కాదు. అక్కడ పిల్లలందరూ ఉన్నచోటనే ఉండి, చేతులు వదలకుండా, కలిసి ఒక పక్కకు వాలుతారు. ఎవరి ఇరుగుపొరుగు మారదు. తోపు ఆగితే అందరూ మళ్ళీ తిన్నగా నిలబడతారు. లోహం జ్ఞాపకమంటే ఇంతే.

ఈ లోహాన్ని రెండు రకాలుగా తయారు చేయవచ్చు. ఒక రకం, చల్లగా ఉన్నప్పుడు వంచితే వంగి, వేడి తగలగానే పాత రూపానికి వస్తుంది. రెండో రకం, మామూలు వాతావరణంలోనే బలం తీయగానే తనంతట తాను వెనక్కి వస్తుంది. కట్టడాల పిల్లర్లకు కావలసింది ఈ రెండో రకం. ఇది మీటరుకు 6 సెంటీమీటర్లు, మంచి సరుకైతే ఇంకాస్త ఎక్కువే సాగి, దాదాపు పూర్తిగా వెనక్కి వస్తుంది. ఉక్కు 2 మిల్లీమీటర్లు ఎక్కడ, ఇది 60 మిల్లీమీటర్లు ఎక్కడ? ముప్పై రెట్లు. మీలో ఎవరి పిల్లలైనా వంకర పళ్ళు సరిచేసుకోవడానికి దంతవైద్యుని దగ్గర తీగ కట్టించుకొని ఉంటే, ఈ లోహం మీ ఇంటికి వచ్చే ఉండవచ్చు. నెలల తరబడి అది పళ్ళను మెల్లగా లాగుతూ ఉండేది ఈ గుణం వల్లనే.

అయితే పిల్లరులో కమ్మీలన్నీ దీనితోనే వేస్తే సరిపోదా? రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, ధర. ఉక్కుతో పోలిస్తే ఎన్నో రెట్లు ఖరీదు. రెండు, ఇది ఉక్కంత బిరుసు కాదు. ఒకే బరువుకు ఉక్కుకన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువ సాగుతుంది. కట్టడమంతా దీనితోనే కడితే అది మరీ ఊగులాడుతుంది. అందుకని ఎక్కడ అవసరమో అక్కడే వాడతారు. పిల్లరు ఊగినప్పుడు ఎక్కువగా నలిగేది రెండు కొసలు, అంటే పునాదిని కలిసే చోటు, పైన దూలాన్ని కలిసే చోటు. ఆ చోట్ల మాత్రం చిన్న ముక్క నిటినాల్ కమ్మి, మిగతా పొడవంతా మామూలు ఉక్కు. కాబట్టి ఒక్కో ముక్కకు రెండు అతుకులు. ఎనిమిది కమ్మీల పిల్లరుకు ఒక కొసనే పదహారు అతుకులు. ఆ అతుకులు కూడా పిల్లరులో ఎక్కువ కష్టపడే చోటికి దగ్గరలోనే పడతాయి.

ఒక రబ్బరు బ్యాండుకు పురికొస ముడివేసి, రెండు చివరలు పట్టుకొని లాగండి. రబ్బరు సాగుతుంది. కానీ రబ్బరు మీద పడే బలమంతా ఆ ముడి మీదా పడుతుంది, పురికొస మీదా పడుతుంది. ముడి జారితే రబ్బరు ఎంత మంచిదైనా లాభం లేదు. ఇక్కడా అంతే. గొలుసులాగా వరసగా కలిసిన మూడింటిలో మొదట లొంగవలసింది జ్ఞాపక లోహం. దానికన్నా ఉక్కు గట్టిగా ఉండాలి. రెంటికన్నా అతుకు గట్టిగా ఉండాలి. ఈ క్రమం తప్పితే ఖరీదైన కమ్మి ఊరికే చూస్తూ ఉంటుంది, పక్కనున్న ఉక్కు సాగి ఉండిపోతుంది.

ఇప్పుడు అతికే పద్ధతులు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది మన మేస్త్రుల పద్ధతి, లాపింగు. రెండు కమ్మీలను పక్కపక్కన కొంత పొడవు పెట్టి బైండింగు వైరుతో కడతారు. బలం ఒక కమ్మి నుంచి కాంక్రీటులోకి, కాంక్రీటు నుంచి రెండో కమ్మిలోకి వెళుతుంది. వైరు వాటిని పట్టుకొని ఉంచడానికే తప్ప బలం మోయడానికి కాదు. ఉక్కు కమ్మికి ఒంటిమీద గీతలు లేచి ఉంటాయి కనుక కాంక్రీటు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. నిటినాల్ కమ్మి నున్నగా ఉంటుంది. కాంక్రీటులోంచి జారిపోతుంది. అందువల్ల లాపింగు దీనికి పనికిరాదు.

రెండోది వెల్డింగు. నిటినాల్‌ను ఉక్కుకు కరిగించి అతికిస్తే, ఇనుము, టైటానియం కలిసి పెళుసైన కొత్త పదార్థాలు పుడతాయి. చూడటానికి అతుకు గట్టిగానే ఉంటుంది, లాగితే గాజులాగా పగులుతుంది. పైగా వెల్డింగు వేడికి పక్కనున్న నిటినాల్ తన జ్ఞాపకాన్ని కోల్పోవచ్చు. దాని గుణమంతా తయారీలో లెక్క ప్రకారం వేడిచేసి చల్లార్చడం వల్ల వచ్చినది. అది చెదిరితే మిగిలేది ఒట్టి లోహం.

మూడోది మర పట్టించడం. కొసలకు మరలు కోసి, మధ్యలో ఒక గొట్టం బిగించడం. మన దేశంలో పెద్ద కట్టడాల్లో ఉక్కు కమ్మీలను ఇలాగే కప్లర్లతో కలుపుతున్నారు. దానికి 2014లో భారతీయ ప్రమాణం 16172 కూడా వచ్చింది. కానీ నిటినాల్ కోత పనిముట్లను త్వరగా అరగదీస్తుంది. అదలా ఉంచి, మర కోసినచోట కమ్మి సన్నబడుతుంది. మర గాడి అడుగున బలం పోగుపడుతుంది. కమ్మి నడుమ సాగవలసింది పోయి, గాడి దగ్గర తెగుతుంది. చీర అంచున చిన్న చిరుగు ఉంటే అక్కడినుంచే బారునా చిరిగినట్టు.

నాలుగోది మరలతో నొక్కిపట్టే గొట్టం. ఒక ఉక్కు గొట్టంలో ఒక వైపునుంచి ఉక్కు కమ్మి, రెండో వైపునుంచి నిటినాల్ కమ్మి దూర్చి, పైనుంచి వరసగా మరమేకులు బిగిస్తారు. కెనడాలోని వెస్టర్న్ ఆంటేరియో విశ్వవిద్యాలయంలో యూసెఫ్, ఆలం, నెహ్దీ అనే పరిశోధకులు దూలం, స్తంభం కలిసే చోట ఈ పద్ధతిని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఉక్కు వైపు మరమేకుల మొన వాడిగా ఉన్నా ఫరవాలేదు. కమ్మిలోకి కొద్దిగా దిగి గట్టిగా పట్టుకుంటాయి. నిటినాల్ వైపు ఆ వాడి మొన గాటు పెడుతుంది, గాటు నుంచి పగులు మొదలవుతుంది. అందుకని ఆ వైపు మొన చదునుగా ఉన్న మరమేకులు వాడి, వాటి సంఖ్య పెంచారు. ఆ పరీక్షలో జ్ఞాపక లోహం వేసిన నమూనా బలం తీయగానే తన వంపులో చాలా భాగాన్ని తిరిగి సరిచేసుకుంది.

ఐదోది తల కట్టిన కమ్మి. నిటినాల్ కమ్మి కొసను వేడిచేసి నొక్కి, మేకు తలలాగా ఉబ్బిస్తారు. ఉక్కు కమ్మికి కూడా తల ఉంటుంది. రెండు తలలూ ఎదురెదురుగా పెట్టి, చుట్టూ ఒకదానిలో ఒకటి బిగిసే గొట్టాలు తిప్పుతారు. లాగితే తల గొట్టం అంచుకు ఆనుతుంది. కమ్మి ఎక్కడా సన్నబడదు, గాటు పడదు. పైకి తేలికగా కనిపించే ఈ పద్ధతే ఇప్పటివరకు పెద్ద కట్టడానికి ఎక్కింది. అమెరికాలో నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన రెనో కేంద్రంలో సయీదీ అనే ఆచార్యుని బృందం ఇలాంటి స్తంభాలను కంపించే బల్ల మీద పెట్టి ఏళ్ళ తరబడి పరీక్షించింది. తరవాత 2017 ప్రాంతంలో సియాటిల్ నగరంలో ఒక రహదారి దిగే వంతెన స్తంభాల్లో నిటినాల్ కమ్మీలు, వాటి చుట్టూ కొంత వంగగలిగే ప్రత్యేకమైన కాంక్రీటు వాడారు. మామూలు కాంక్రీటు అయితే కమ్మి వెనక్కి వచ్చినా అది నలిగి రాలిపోతుంది. రెండూ తోడుంటేనే ఫలితం.

అతుకులో చిన్న జారుడు ఎంత పని చేస్తుందో లెక్క కట్టి చూద్దాం. ఉదాహరణకు పిల్లరు ఎత్తు 3 మీటర్లు. దాని రెండు వైపుల కమ్మీల మధ్య దూరం 20 సెంటీమీటర్లు. ఒక వైపు అతుకులు 2 మిల్లీమీటర్లు జారి అక్కడే ఆగిపోయాయి. 200కు 2 అంటే నూటికి ఒకటి. 3 మీటర్ల ఎత్తున అది 3 సెంటీమీటర్ల ఒరుగుడు. కమ్మి తన జ్ఞాపకం నిలుపుకుంది, అతుకు మాత్రం మాట తప్పింది. బియ్యపు గింజ అడ్డంపాటి జారుడు, పైన మూడు సెంటీమీటర్లు.

ఈ లోహాన్ని ఉక్కుతో జతచేసి నిజమైన భూకంపంలో నిలబెట్టిన ఉదాహరణ ఇటలీలో ఉంది. ట్రిన్యానో అనే చోట సాన్ జార్జో చర్చి గంటల గోపురం చాలా పాతది, ఇటుకలతో కట్టినది. 1996 అక్టోబరు 15న భూకంపంలో దెబ్బతింది. 1999లో దాని లోపలి నాలుగు మూలల్లో పైనుంచి కిందికి నాలుగు ఉక్కు కడ్డీలు బిగించారు. ఒక్కో కడ్డీ మధ్యలో వరసగా ఒక జ్ఞాపక లోహపు తీగల కట్టను జతచేశారు. ఉక్కు కడ్డీ గోపురాన్ని కట్టిపడేస్తే, తీగల కట్ట ఆ లాగుడు ఒక మితిని దాటకుండా చూసుకుంటుంది. 2000 జూన్ 18న అక్కడే మళ్ళీ దాదాపు అదే స్థాయి భూకంపం వచ్చింది. ఈసారి గోపురానికి ఏమీ కాలేదు. అదే దేశంలో అస్సీసీ పట్టణంలోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి 1997 సెప్టెంబరు 26న కప్పు కూలి నలుగురిని పొట్టన పెట్టుకుంది. దాన్ని బాగుచేసినప్పుడు కూడా పైకప్పుకూ గోడకూ మధ్య ఈ లోహపు బిగింపులు వాడారు.

ఇంకో మాట చెప్పాలి. ఈ లోహానికి దొరికిన మొదటి పెద్ద పని కూడా అతకడమే. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా వేయడం మీలో పెద్దలు చూసే ఉంటారు. పట్టాను నిప్పుల్లో కాల్చి, వ్యాకోచించినప్పుడు చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తే ముడుచుకొని బిగుస్తుంది. 1970 ప్రాంతంలో అమెరికా యుద్ధవిమానాల నూనె గొట్టాలను కలపడానికి జ్ఞాపక లోహపు ఉంగరాలు వాడారు. అక్కడ పని తలకిందులు. ఉంగరాన్ని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టేంత చల్లగా ఉంచి, వెడల్పు చేసి, గొట్టాల మీదకు తొడుగుతారు. మామూలు వేడికి వచ్చేసరికి అది తన పాత ఇరుకు కొలతను గుర్తు చేసుకొని గొట్టాలను బిగించి పట్టుకుంటుంది.

నికెల్, టైటానియం ఖరీదు చూసి పరిశోధకులు చవక దారులు కూడా వెతికారు. ఇనుము, మాంగనీసు, సిలికాన్ కలిపిన జ్ఞాపక లోహం అందులో ఒకటి. స్విట్జర్లాండులోని ఎంపా అనే సంస్థ దీని మీద చాలా పని చేసింది. దీనికి మామూలు కమ్మిలాగా గీతలు వేయవచ్చు కనుక కాంక్రీటు దీన్ని పట్టుకుంటుంది. కాంక్రీటులో పెట్టాక కరెంటు పంపి వేడి చేస్తే ముడుచుకోవాలని చూస్తుంది, కొసలు పట్టి ఉన్నందువల్ల ముడుచుకోలేక కాంక్రీటును బిగించి పట్టుకుంటుంది. పాత దూలాలకు బలం చేకూర్చడానికి ఇది పనికొస్తుంది. రాగి, అల్యూమినియం, మాంగనీసు కలిపిన మరో రకానికి మర కోయడం నిటినాల్ కన్నా తేలిక.

ఇదంతా విన్నాక, మన ఊళ్ళో ఇల్లు కట్టుకునే వారికి దీనివల్ల ఏమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో వేలమంది చనిపోయారు. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ కలిసే ఆ వైపున ఆ రాత్రిని మరిచిపోనివారు ఇంకా ఉన్నారు. వినాయక నిమజ్జనం చేసి పడుకున్న జనం మీద మట్టితో పేర్చిన లావు రాతి గోడలు, వాటిమీది బరువైన మట్టి కప్పులు పడ్డాయి. ఆ గోడల్లో రాయిని రాయితో కలిపి పట్టుకునే కట్టు లేకపోయింది. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో, అంత దూరంలో ఉన్న అహమ్మదాబాదులో కూడా కాంక్రీటు భవనాలు కూలాయి. అక్కడ కమ్మీలున్నాయి. చాలా చోట్ల లోపం ఆ కమ్మీలను కట్టిన తీరులో ఉంది.

జ్ఞాపక లోహం మన ఇళ్ళకు ఇప్పట్లో రాదు. కానీ అది నేర్పే పాఠానికి ఖర్చు లేదు. కమ్మి మంచిదైతే చాలదు, కలిసేచోటు మంచిదై ఉండాలి. కాబట్టి మీరు పిల్లర్లు లేపుతున్నప్పుడు నాలుగు సంగతులు మేస్త్రిని అడగండి. మొదటిది, లాపింగు పిల్లరు ఎత్తులో నడిమి సగంలో ఉండాలి. నేలకు ఆనుకొని గానీ, దూలం కింద గానీ వద్దు. అన్ని కమ్మీలకూ ఒకే చోట లాపింగు పెట్టవద్దు. రెండోది, లాపింగు పొడవు కమ్మి లావుకు సుమారు 50 రెట్లు. 12 మిల్లీమీటర్ల కమ్మికి 60 సెంటీమీటర్లు, 16 కమ్మికి 80 సెంటీమీటర్లు. ఖచ్చితమైన కొలత మీ ఇంజనీరు చెప్పాలి. మూడోది, చుట్టూ వేసే రింగులు పిల్లరు కొసల దగ్గరా, లాపింగు దగ్గరా దగ్గరదగ్గరగా ఉండాలి. నాలుగోది, రింగు కొసలు మూలమట్టంగా మడిచి వదలకుండా, 135 డిగ్రీలు లోపలికి వంచాలి. లేకపోతే పిల్లరు ఊగినప్పుడు రింగు విచ్చుకుంటుంది. భూకంపాలకు తట్టుకునే కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం 13920 చెప్పేది ఇదే.

సెంట్రింగు పలకలు బిగించాక ఇవేవీ కనబడవు. కాంక్రీటు పోశాక ఎవరూ సరిచేయలేరు. అందుకే ఆ ముందురోజు ఓ గంట మీరే వెళ్ళి, టేపు పట్టుకొని కొలిచి చూసుకోండి. మేస్త్రి కన్నడంలో మాట్లాడినా, మరాఠీలో మాట్లాడినా, ఒడియాలో మాట్లాడినా టేపు మీద అంకెలు అందరికీ ఒకటే. మీరు అడిగారని ఆయన నొచ్చుకోడు. పని తెలిసిన మేస్త్రి అయితే, అడిగే యజమాని దొరికాడని సంతోషిస్తాడు.